ఓదెలు మీద కట్టిన పాట

నేను ఒక పాటను. కాగితం మీద పద్దెనిమిది పంక్తులు. వాటిని రజిత అనే అమ్మాయి తాను పనిచేసే కాల్ సెంటర్ నోట్‌బుక్‌లో, ఎవరిదో ఫిర్యాదు నంబరు పక్కన రాసుకుంది. సికింద్రాబాద్ మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న ఒక అద్దె గదిలో నాకు ప్రాణం వచ్చింది. గిటారు జోయెల్ వాయించాడు, డ్రమ్స్ అతని తమ్ముడు వాయించాడు, డప్పు మాత్రం రజితే కొట్టింది. జానపదం పాడేవాళ్లు నన్ను విని ఇది రాక్ అన్నారు. రాక్ పాడేవాళ్లు విని ఇది జానపదం అన్నారు. ఆ తగువుతో నాకు పని లేదు. నేను ఒక మనిషి బతుకు మీద పుట్టాను. నా వల్ల ఆ మనిషికి ఏమైందో చెప్పడానికే ఇప్పుడు నోరు తెరిచాను.

ఆ మనిషి పేరు ఓదెలు. గోదావరికి అవతల రేగుమడి అనే బొగ్గు ఊళ్లో బొమ్మలు గీసేవాడు. అక్కడ గనిని బాయి అంటారు. వయసులో ఉన్నప్పుడు ఓదెలు బాయి దగ్గరే, బొగ్గు డబ్బాల మీద నంబర్లు, దారి పక్కన 'జాగ్రత్త' బోర్డులు రాసే పని చేశాడు. ఒకరోజు అతని స్నేహితుడు బాయిలో చనిపోయాడు. స్నేహితుడి భార్య గుర్తింపు కార్డు మీది బొటనవేలంత ఫొటో తెచ్చి, "అన్నా, దీన్ని గోడకు పెట్టుకునేటంత పెద్దగ చేస్తవా?" అని అడిగింది. ఓదెలు మూడు రోజులు కూర్చుని ఆయిల్ రంగులతో గీసి ఇచ్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు, బాయిలో పోయినవాళ్లందరూ ఓదెలు చేతి మీదుగానే ఇళ్ల గోడలెక్కారు.

ఎవరిని గీసినా ఇస్త్రీ చొక్కా వేసేవాడు. బతికుండగా వాళ్లలో చాలామంది అలాంటి చొక్కా తొడిగినవాళ్లు కాదు. ఎందుకలా అని అడిగితే, "బాయిల ఎట్లున్నా, ఇంట్లనన్న మంచిగుండాలె గదా" అనేవాడు. బొమ్మ కింద సంతకం పెట్టేవాడు కాదు.

అలాంటి బొమ్మల్లో ఒకటి రజిత వాళ్లింట్లో ఉంది. ఆమె తండ్రి గట్టయ్యది. బాయి పైకప్పు కూలి గట్టయ్య చనిపోయేసరికి రజిత ఇంకా తల్లి కడుపులో ఉంది. ఆమెకు తండ్రి అంటే ఆ గోడ మీది మనిషే. అన్నం తినేటప్పుడు ఆయనకు ఎదురుగా కూర్చునేది. పదో తరగతి మెమో ముందు ఆయనకే చూపించింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆమె నుదురు, బొమ్మలోని నుదురు పోల్చి చూసి, అచ్చం నాయిన నుదురే అనేవారు. ఆ మాట విన్నరోజు ఆమె జుట్టంతా వెనక్కి దువ్వుకుని తిరిగేది.

తర్వాత ఆమె చదువుకు హైదరాబాద్ వచ్చింది, అక్కడే ఉద్యోగంలో చేరింది, సాయంత్రాలు జోయెల్ వాళ్లతో కలిసి పాడడం మొదలుపెట్టింది. తల్లి మదునమ్మకు కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చి తన గదికి తీసుకొచ్చింది. ఆపరేషన్ అయిన మర్నాడు మదునమ్మ రెండో కన్ను కూడా మూసుకుని పడుకుని ఉంది. రజిత పక్కన కూర్చుని జొన్నరొట్టె తుంచి నోట్లో పెడుతూ, ఊరికే మాట కోసం అడిగింది.

"అమ్మా, నాయినకు నిజంగనే నా లెక్క నుదురుండెనా?"

మదునమ్మ నమలడం ఆపింది.

"తెల్వది బిడ్డా."

"తెల్వకపోవుడేంది? గోడ మీదున్నది గదా."

"గోడ మీదున్నది మీ నాయిన కాదు."

ఆ మాట కళ్లు తెరిచి ఉంటే ఆమె చెప్పగలిగేది కాదేమో. గట్టయ్య కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ఫొటో ఉన్న కార్డు ఒక్కటే ఉండేది. పైకప్పు కూలినప్పుడు అది ఆయన జేబులోనే నలిగి పాడైపోయింది. పెళ్లి జాతరలో జరిగింది, ఫొటో తీసినవాళ్లు లేరు. అందుకని ఓదెలు మదునమ్మ ముందు కూర్చుని, గట్టయ్య ఎలా ఉండేవాడో చెప్పమన్నాడు.

"ముక్కు ఎట్లుంటది చెల్లె అని అడిగిండు. మూడేండ్లు కాపురం చేసిన, ముక్కు ఎట్లుంటదంటే నోరు రాలే నాకు. ఎట్ల దగ్గుతడో చెప్పిన. అన్నంల ముందుగాల ఉల్లిగడ్డ కొరుకుతడని చెప్పిన. ఆయన గీస్తడు, నేను కాదంట. తుడుస్తడు, మళ్ల గీస్తడు. నాలుగో రోజు ఒక మొకం చూపెట్టిండు. అవు, ఈయననే అన్న."

"కాకున్నా ఎందుకన్నవమ్మా?"

"నాలుగు రోజుల సంది ఆయన సక్కగ అన్నం తింటలేడు. నువ్వు కడుపుల తిరుగుతున్నవ్. నీకు ఒక మొకమన్న ఉండాలె గదా బిడ్డా." మదునమ్మ మళ్లీ అంది. "ఇప్పుడు యాది చేసుకుందామంటే నాక్కూడ ఆ బొమ్మనే వస్తది. అసలాయన ఎటుపోయిండో పోయిండు."

రజిత మిగిలిన రొట్టె పళ్లెంలోనే పెట్టి బయటికి వెళ్లి, మెట్ల మీద కూర్చుంది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. తండ్రి మళ్లీ ఒకసారి చనిపోయినట్టు అనిపించింది. దానితోపాటు, ఎవరో తెలియని ఒక ముఖం కోసం నాలుగు రోజులు తిండి మానేసిన మనిషిని చూడాలనిపించింది.

తల్లికి కట్టు విప్పాక ఆమెను రేగుమడిలో దింపి, ఓదెలు ఇంటికి వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, గోళ్ల సందుల్లో పాత రంగు. మదునమ్మ బిడ్డనని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"గట్టయ్య బిడ్డవా! మీ నాయినది మంచిగ కుదిరింది. ఫొటో లేకుండ గీసినవాట్ల అదే మొదటిది."

"అవు మామా. అచ్చం ఆయనే అంటరు అందరు" అంది రజిత. ఆయన ముఖంలో ఆ వెలుగు ఆర్పబుద్ధి కాక వెంటనే మాట మార్చింది.

"ఫొటో లేకుండ ఇంకెన్ని గీసినవు మామా?"

"పన్నెండో, పదమూడో. ఎవ్వలకు తెల్వది. ఇండ్లల్ల ఆడోళ్లకే తెల్సు. వాళ్లు పిల్లలకు చెప్పుకోలే."

ఆ మాటలో ఒక విన్నపం ఉంది. రజితకు అది విన్నపంగా వినపడలేదు, పాటగా వినపడింది. ఇది ఆమె చెడ్డతనం కాదు. పాటలు కట్టేవాళ్ల చెవులు అలాగే ఉంటాయి. ఎదుటివాళ్లు గుండెలో దాచుకున్నది వీళ్లకు ముందుగా లయలో వినపడుతుంది. తిరుగు రైల్లోనే నన్ను సగం రాసేసింది.

*ఓ ఓదెలన్నా, రంగుల ఓదెలన్నా,*
*బొగ్గుల పోయినోన్ని గోడ మీదికి తెచ్చినవా...*

జోయెల్‌కు తెలంగాణ మాట అంతగా రాదు. అయినా ఆమె మూడో చరణం పాడుతుంటే గిటారు ఆపేశాడు. అది ఇది:

*ఫొటో లేని ఇంటికి పోయి*
*పదిమంది మాటలడిగి*
*చూడని మొగానికి చూపు పెట్టినవా...*

"ఇక్కడ నేనేం వాయించను. నీ గొంతు, డప్పు, అంతే" అన్నాడు. విన్నవాళ్లందరూ మెచ్చుకున్నది ఆ చరణాన్నే. నాలో అన్నిటికన్నా అందమైనదీ అదే, అన్నిటికన్నా కీడు చేసిందీ అదే.

ఇంటర్నెట్‌లో పెట్టిన నెలకు నేను రేగుమడి చేరాను. ఆటోల్లో, టీకొట్ల దగ్గర, షిఫ్టు దిగివచ్చేవాళ్ల ఫోన్లలో మోగాను. మా ఓదెలు మీద పాటొచ్చిందని ఊరంతా సంబరపడ్డారు. ఎవరో ఆయనకు శాలువా కప్పారు. ఆయన సిగ్గుపడుతూ, శాలువా మడిచి భార్య ఆగమ్మకు ఇచ్చాడు.

తర్వాత ఒక్కొక్కరే తమ ఇంటి గోడ వైపు చూడడం మొదలుపెట్టారు.

మొదట తిరుపతి వచ్చాడు. బాయిలో ఎలక్ట్రీషియన్. తండ్రి పోయేనాటికి అతనికి రెండేళ్లు. బొమ్మను చంకలో పెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"మా నాయినను ఫొటో చూసి గీసినవా, ఊకనే గీసినవా?"

"ఫొటో చూసే గీసిన కొడుకా."

"మా అమ్మ లేదు అడుగుదామంటే. నీ పెండ్లాం మీద ఒట్టేసి చెప్పు."

ఓదెలు ఒట్టు వేయలేకపోయాడు. తిరుపతి బొమ్మను అరుగు మీద గోడకు ఆనించి వెళ్లిపోయాడు. ఆ పైన ఇంకొకరు, ఇంకొకరు. ఫొటో చూసి గీసినవి కూడా వాటిలో ఉన్నాయి. అనుమానం వాటిని విడదీసి చూడలేదు. ఇంట్లో ఎవరూ లేని సమయంలో పెట్టిపోయినవాళ్లూ ఉన్నారు. వానలు మొదలయ్యేసరికి అరుగు మీద ఇస్త్రీ చొక్కాలు తొడుక్కున్న పదకొండు మంది బారుగా నిలబడ్డారు. జల్లు కొట్టినప్పుడల్లా ఓదెలు వాళ్లను లోపలికి మోసేవాడు, తెరిపివ్వగానే బయటికి తెచ్చి తుడిచేవాడు. లోపలే ఉంచరాదా అని ఆగమ్మ అంటే, "తీస్కపోదామని వస్తే కనబడాలె గదా" అనేవాడు. కుంచె మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.

రజితకు ఇవేవీ తెలియవు. కాలనీ మైదానంలో పాడమని పిలుపు వస్తే సంతోషంగా బయలుదేరింది. ముందు ఓదెలును స్వయంగా పిలుద్దామని ఇంటికి వెళ్లి, అరుగు చూసి ఆగిపోయింది. ఆగమ్మ బయటికి వచ్చింది.

"ఎందుకొచ్చినవ్? ఇంకో పాట కడుదామనా?"

"అత్తా, ఇవన్నీ..."

"నీ పాట చేసిన పని. మంచి చేద్దామనే పాడినవ్ బిడ్డా, కాదంటలే. కాని ఆయన చెయ్యి ఇరగ్గొట్టినవ్."

లోపల, కొద్దిరోజులుగా లేవలేక పడుకున్న మంచం మీంచి ఓదెలు గొంతు వినపడింది. "ఊకో ఆగమ్మా. పొల్లది గొంతెత్తి మంచిగ పాడింది. అబద్ధమేమన్న పాడిందా?"

ఆ సాయంత్రం మైదానంలో నన్ను పాడలేదు. రజిత ఇంటర్నెట్‌లోంచి నన్ను తీసేసింది. అప్పటికే నేను వందల ఫోన్లలో ఉన్నాను. మనుషులు పాటను కట్టగలరు, మళ్లీ విప్పలేరు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఓదెలు మంచం పక్కన కూర్చుని, బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపిస్తూ ఎవరివో అడిగింది. ఏడు బొమ్మలకు ఆయన పేరు చెప్పాడు, ఇల్లు చెప్పాడు. నాలుగు బొమ్మల దగ్గర ఆగిపోయాడు. దగ్గరికి తీసుకుని, అద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"వీళ్లెవ్వలో యాదికస్తలేదు బిడ్డా. నా చేతి గీతనే. మనిషే తెల్వది."

ఏడు బొమ్మలనూ ఆమె తన చేతులతో మోసుకెళ్లింది. తిరుపతి ఇంటి ముందు నిలబడితే అతను లోపలికి రమ్మనలేదు. ఆమె వాకిట్లోంచే తన ఇంటి సంగతి చెప్పింది.

"అన్నా, మా ఇంట్ల గోడకున్నది మా నాయిన కాదు. మా అమ్మనే చెప్పింది."

తిరుపతి ఆశ్చర్యంగా చూశాడు. "మరి తీసేసినవా?"

"లేదు."

"ఎందుకు?"

"చిన్నప్పటి సంది ఆయనతోనే మాట్లాడిన. ఇప్పుడు కాదని తెల్సినంక ఆయన్ను ఎక్కడికి పొమ్మందును?"

తిరుపతి చేతులు చాపి బొమ్మ తీసుకున్నాడు. మిగతా ఆరిళ్లలోనూ ఆమె అదే చెప్పింది. కొందరు ఏడ్చి తీసుకున్నారు, ఒకావిడ తిట్టి తీసుకుంది. ఏడుగురూ ఇళ్లకు చేరారు.

అయితే ఆ మాట ఊళ్లో ఆగలేదు. గట్టయ్య బొమ్మ కూడా గట్టయ్యది కాదట అనే మాట రెండు వారాల్లో ఓదెలు మంచం దాకా వచ్చింది. ఆయన తనకు బాగా కుదిరిందని చెప్పుకున్న బొమ్మ అదొక్కటే. కబురు పంపితే రజిత పరుగున వచ్చింది.

"మీ అమ్మ నా కోసమే ఒప్పుకున్నదా బిడ్డా?"

రజిత తల వంచుకుంది. కళ్లలోంచి నీళ్లు ఆయన చేతి మీద పడ్డాయి.

"ఏడ్వకు. నాకప్పుడే అనుమానం ఉండె. ఆమె బొమ్మను చూసి ఏడ్వలే. నా దిక్కు చూసి ఏడ్సింది." ఆయన గోటి సందున ఎండిన రంగు గీరుకున్నాడు. "ఇంకో రెండు రోజులు కూసుంటే ఆ మొకం దొరుకుతుండెనేమో. నేనే అలిసిపోయిన."

కార్తీకం రాకముందే ఓదెలు చనిపోయాడు. ఏడిళ్లవాళ్లూ వచ్చారు. తిరుపతి పాడె మోశాడు. ఆగమ్మ చెల్లెలి ఊరికి వెళ్లిపోతూ, మిగిలిన నాలుగు బొమ్మలను దుప్పట్లో చుట్టి రజితకు అప్పగించింది. అవి మెట్టుగూడ గది గోడకు ఎక్కాయి. ఎవరు వీళ్లని జోయెల్ అడిగితే, "మా ఊరోళ్లు" అంది రజిత. ఆ తర్వాత ఆమె నన్ను ఎక్కడా పాడలేదు. జోయెల్ అప్పుడప్పుడు పల్లవి మీటి, ఆమె ముఖం చూసి ఆపేసేవాడు.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం సాయమ్మ అనే ముసలామె అడ్రసు రాసిన కాగితం పట్టుకుని ఆ గదికి వచ్చింది. నాలుగు బొమ్మల్లో రెండోదాని ముందు నేల మీద కూర్చుంది. ఆగమ్మ లేని పూట చూసి ఓదెలు అరుగు మీద పెట్టిపోయింది ఆమే.

"కోడలు పాట ఇనిపిస్తే కోపమొచ్చింది. నాకు తెల్సిన సంగతే, అయినా కోపమొచ్చింది. ఇంటికి పోయినంక గోడ ఖాళీగ కండ్లవడ్డది. మళ్ల పోదునా అంటే సిగ్గు. ఇంతల ఆయన పాయె." చీర కొంగుతో బొమ్మ చెంప తుడిచింది. "ఈయన మా ఆయన కాదమ్మా. కాని ఇరవై ఆరేండ్లు నా బాధలన్నీ ఇన్నది ఈయననే."

అన్నం తిన్నాక ఆమె రజితను పాట పాడమంది. రజిత వద్దంది. సాయమ్మ రెండోసారి అడిగింది. డప్పు లేకుండా, గిటారు లేకుండా, గిన్నెల ముందు కూర్చుని రజిత నన్ను పాడింది. మూడో చరణం దాకా వచ్చి ఆగింది. దాన్ని వదిలేసి నాలుగోదానికి వెళ్లిపోయింది. సాయమ్మ ఊరికే తల ఊపింది. నాకు మాత్రం నాలోంచి ఒక మనిషి లేచి వెళ్లిపోయినట్టయింది. వెళ్లడమే మంచిదని కూడా అనిపించింది.

సాయంత్రం బస్టాండులో సాయమ్మ కిటికీ పక్క సీటు అడిగి కూర్చుంది. బొమ్మను ఒళ్లో పెట్టుకుని, మీది గుడ్డ కొంచెం తొలగించింది. బస్సు కదిలేదాకా రజిత కింద నిలబడింది.

గదికి వచ్చి మిగిలిన ముగ్గురి మీది దుమ్ము తుడిచింది. ఒకాయనకు మీసం ఉంది, ఒకాయన నవ్వబోతున్నట్టు ఉన్నాడు, మూడో అతను మరీ చిన్నవాడు, ఇరవై కూడా ఉండవు. రజిత అతని ముందు చాలాసేపు నిలబడి, ఏదో ఒక పేరుతో పిలవాలని పెదవి కదిపింది. ఏ పేరూ రాలేదు.