గంజి వరసలో చౌడమ్మ

ఆ ఎండాకాలం చిన్నదొడ్డిలో ముగ్గురు పోయారు. ముందు రంగన్న తల్లి బయమ్మ, తర్వాత రత్నమ్మ పెనిమిటి ఈరన్న, ఆఖరికి రామాంజులు పెళ్లాం చౌడమ్మ. కాలం బాగున్న రోజులైతే మూడిళ్లలో మూడు పెద్దదినాలు జరిగేవి, చుట్టాలు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేసిన ఊళ్లో ఒక్క దినానికే గింజలు దొరకడం గగనమైంది. ఊరికి పెద్దమనిషి రంగన్నే. ముగ్గురికీ కలిపి ఒకటే దినం పెడదామని అతనే అన్నాడు.

"ముగ్గురూ ఒకే బాయి నీళ్లు తాగినోళ్లు. ఒకే ఆకులో కూడు పెడితే తప్పేం లేదులే."

ఎవరూ కాదనలేదు. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. సమాధుల దగ్గర కూడు పెట్టి వచ్చాక అందరూ ఒకచోట కూర్చుంటారు. పోయినవాళ్లను బాగా ఎరిగినవాళ్లు లేచి వాళ్ల గుణం చెబుతారు. ఎట్లా బతికారు, దేనికి నవ్వేవాళ్లు, ఎవరితో పోట్లాడారు, అన్నీ. అది చెప్పకపోతే దినం జరిగినట్టే కాదు. బయమ్మ గుణం రంగన్న చెబుతాడు. ఈరన్న గుణం రత్నమ్మ చెబుతుంది.

"మరి చౌడమ్మది ఎవరు చెప్తారు?" అని సుంకమ్మ అడిగింది. ఊళ్లో ఇప్పుడు అందరికంటే ముసలిది ఆమే.

చౌడమ్మ బళ్లారి వైపు పల్లె పిల్ల. పెళ్లై వచ్చి రెండేళ్లు కాలేదు. అత్తామామలు లేరు. కడుపుతో ఉన్నప్పుడే మొగుడు కాలువ పనులకని పోయాడు, మళ్లీ రాలేదు. ఆ పిల్ల తలొంచుకుని నీళ్లకు పోయేది, తలొంచుకుని కూలికి పోయేది. ఎవరు పలకరించినా తల ఊపేది. ఆడవాళ్లు చాటుగా మూగపిల్ల అనేవాళ్లు.

పక్కిల్లే కాబట్టి అందరూ రత్నమ్మ వైపు తిరిగారు. కాన్పు కష్టమైన నాడు చౌడమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది కూడా ఆమే. బిడ్డ అడ్డం తిరిగింది. తెల్లవారి మొదలైన నొప్పులు పొద్దు వాలేదాకా నలిపేశాయి. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుందే కానీ కేక పెట్టలేదు. ఇప్పుడు ఆలోచిస్తే రత్నమ్మకు ఆ పిల్ల గొంతే గుర్తుకు రాలేదు.

"నాకేం తెలీదు" అంది. "వాళ్లమ్మ మారెక్కకు కబురు పోయిందా, రంగన్న బావా?"

"ఎవరు పోతారు రత్నమ్మా? నడిచే ఓపిక ఎవరికుండాది?"

"నేను పోతా. ఆయమ్మను పిల్చుకొనొస్తా. కన్నతల్లి చెప్పనీ బిడ్డ గుణం."

"ఎండకు యాడన్నా పడిపోతావు."

"పడితే నాదీ ఇదే దినంలో కలిపేయండి."

మొండితనం ఒక్కటే కాదు, రత్నమ్మకు ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు. ఇంటికి కప్పు లేదు. మేత అయిపోయినప్పుడు ఈరన్న ఆ కప్పు మీది బోద గడ్డి పీకి ఎద్దుల ముందు వేశాడు. పైకి చూస్తే ఆకాశం, కిందికి చూస్తే అతను కూర్చునే అరుగు. నడవడమే మేలనిపించింది.

తెల్లారకముందే బయల్దేరి, విడపనకల్లు దాటి, పడమటి దారి పట్టింది. నల్లరేగడి చేలు కాలు ఇరుక్కునేంతగా నెర్రెలు విచ్చి ఉన్నాయి. దారి పొడుగునా చచ్చిన గొడ్ల ఎముకలు కుప్పలు పోసి ఉన్నాయి, ఎవరో వ్యాపారులు బండ్ల మీద తోలుకుపోవడానికి. తల్లితో ఏం చెప్పాలి, ఎట్లా మొదలుపెట్టాలి అని దారంతా మాటలు కూడబలుక్కుంది. ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇళ్లన్నీ తలుపులు వేసి ఉన్నాయి. అరుగు మీద పడుకున్న ముసలాయన ఒకడు చెయ్యెత్తి, "అందరూ గంజి కాడ ఉండారు" అన్నాడు.

ఊరి బయట పాత సత్రంలో గంజి కేంద్రం పెట్టారు. పెద్ద గంగాళాల దగ్గర నుంచి రోడ్డు దాకా మనుషులు బారులు తీరి ఉన్నారు. చేతుల్లో ముంతలు, సత్తు గిన్నెలు, పగిలిన కుండపెంకులు. రత్నమ్మ ఆడవాళ్ల వరస వెంబడి అడుగుతూ పోయింది. వరస నడుమ ఇద్దరు ఆడపిల్లలు కొంగు పట్టుకుని ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది. అదే నుదురు, అవే కనుబొమలు.

"మారెక్కంటే నువ్వేనా, అక్కా?"

"ఊ. యా ఊరు నీది?"

"చిన్నదొడ్డి. చౌడమ్మ పక్కింటిదాన్ని."

మారెక్క మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "కాన్పయిందా? ఏం బిడ్డ?"

దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "ఇట్ల నీడకు రా అక్కా, కూచుందాం."

"పక్కకు రాలేను తల్లీ. వరస తప్పితే ఎనక్కి పొమ్మంటారు. అంతలోకి గంజి అయిపోతాది. ఈడనే చెప్పు."

"చౌడమ్మ లేదక్కా. బిడ్డ అడ్డం తిరిగింది. ఇద్దరూ పోయినారు."

మారెక్క కాసేపు రత్నమ్మ నోటి వైపే చూసింది, ఇంకా ఏదో చెబుతుందన్నట్టు. వెనకామె వీపు మీద చెయ్యి వేసి, "జరుగమ్మా" అంది. మారెక్క ఒక అడుగు ముందుకు జరిగింది.

"మట్టి చేసినారా?"

"చేసినాం. నేనే పసుపు పూసినా. నా పెండ్లిచీర కప్పినా."

"బిడ్డను?"

"తల్లి పక్కనే పెట్టినాం."

మారెక్క కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. ముంత రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది, తుడుచుకోలేదు. చిన్నపిల్లలు ఇద్దరూ ఏం జరిగిందో తెలియక తల్లి మొహంలోకి చూస్తున్నారు. వరస మళ్లీ కదిలింది. రత్నమ్మ కూడా పక్కనే నడిచింది.

"దినానికి నువ్వు రావాలక్కా. ఆ పిల్ల గుణం చెప్పేటోళ్లు మా ఊర్లో లేరు. వచ్చినకాడి నుంచి నోరే తెరవలేదు. అందరూ మూగది అనుకున్నారు."

మారెక్క చివాలున తిరిగింది. "ఎవరు? నా చౌడి నోరు తెరవలేదా?"

ఆమె గొంతులో కోపం ఉంది. ఆ వెనక నవ్వు కూడా ఉందేమో అనిపించింది.

"దాని నోరు మూయించేటోడు ఈ ఊర్లో పుట్టలేదు. అందర్నీ ఎక్కిరిస్తాండె. శెట్టి తక్కెడ పట్టుకుని గొణిగేది, పూజారి మంత్రాలు మింగేది, వాళ్ల నాయన గురక, అన్నీ. కండ్లు మూసుకుంటే అచ్చం వాళ్లే. పొద్దు గుంకితే మా వాకిలంతా జనమే. జాతరలో బండి ఎక్కి నిలబడి మునసబు మాదిరి మాట్లాడిందంటే, ఆ మునసబే పొట్ట పట్టుకుని నవ్వినాడు. కప్పలంటే మాత్రం చచ్చేంత భయం. వానొస్తే మంచం దిగదు..." అని ఆగింది. "వానొచ్చి ఎన్నాళ్లాయనో."

వెనకా ముందూ ఉన్న ఆడవాళ్లు ఇది వింటున్నారు. ఒకామె, "అవును, చౌడి. నన్ను కూడా ఎక్కిరిస్తాండె. నా కుంటినడక" అంది. ఆమెకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే చెప్పి పంపిస్తి" అంది మారెక్క, వరసతో ఇంకో అడుగు జరిగి. "పెండ్లయి బండెక్కేటప్పుడు చెప్తి. అత్తగారి ఊర్లో ఇట్ల వాగితే పెంపకం లేనిదంటారు, నోరు మూసుకుని గమ్మునుండు అంటి. ఏ పొద్దూ నా మాట వినని పిల్ల. ఆ ఒక్కటీ వినె."

గంగాళం దగ్గరికి వచ్చేశారు. వడ్డించే మనిషి తల ఎత్తకుండానే గరిటెతో పోశాడు. మారెక్క ముంత పట్టుకుని సత్రం గోడ నీడకు వచ్చాకే కూలబడింది. పిల్లలిద్దరికీ చెరో దోసెడు తాగించి ముంత రత్నమ్మకు చాచింది.

"రెండు గుక్కలు తాగు. దూరం పోవాల నువ్వు."

రత్నమ్మ వద్దనాలనుకుంది. ముందురోజు నుంచి కడుపులో ఏమీ లేదు. తాగింది.

"నేను రాలేను తల్లీ" అంది మారెక్క. "ఒక్క పొద్దు ఈ వరసలో లేకపోతే ఈ ఇద్దరికీ గంజి లేదు. ఉన్నోళ్లను చూసుకోవాల గదా. నువ్వే చెప్పు. వాళ్లమ్మ చెప్పిందని చెప్పు."

దినం నాడు చిన్నదొడ్డిలో జొన్న సంగటి ఒక ముద్ద వండారు. మూడు సమాధుల మీద మూడు పిడచలు పెట్టి వచ్చి రచ్చబండ దగ్గర కూర్చున్నారు. రంగన్న తల్లి గుణం చెప్పాడు. ఇంట్లో అందరూ తిన్నాక తింటానని ఆమె గిన్నె పక్కన పెట్టుకునేదని, అది మనవళ్లకే పెట్టేదని తనకు ఆమె పోయాకే తెలిసిందని చెప్పి, ఆపైన చెప్పలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రత్నమ్మ ఈరన్న గుణం చెప్పింది. ఇంటి కప్పు పీకి ఎద్దులకు వేసిన మనిషి, ఆ ఎద్దులు ఎట్లాగూ నిలవలేదు, అవి పోయాక కరువు పనిలో రాళ్లు కొడుతూ ఎండలో సుత్తి మీదే ఒరిగిపోయాడు. "కోపం జాస్తి. ఆ కోపం నా మీద ఎంత చూపించినా ఎద్దుల మీద చూపించలేదు" అంది. అందరూ తలలాడించారు. అది నిజమని అందరికీ తెలుసు.

తర్వాత చౌడమ్మ గుణం చెప్పింది. తక్కెడ పట్టుకున్న శెట్టి, మంత్రాలు మింగే పూజారి, జాతర బండి, కుంటినడక, కప్పలు. తనకు చేతనైనట్టు శెట్టి గొంతు పెట్టబోయింది. రాలేదు. నోరు మూసుకుని ఉండమని తానే చెప్పి పంపానన్న మారెక్క మాట కూడా చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. సుంకమ్మ నేల చూస్తూ, "ఒక్కసారన్నా నన్ను ఎక్కిరించి ఉంటే బాగుండె" అంది.

పక్షం తిరగకముందే ఊరు కదిలింది. బాయిలో బురద కూడా ఎండిపోయింది. రంగన్న తన వాళ్లను తీసుకుని కాలువ పనులకు బయల్దేరాడు. రత్నమ్మ కూడా మూట కట్టుకుంది. నడవలేని సుంకమ్మ మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

పనుల దగ్గర మట్టి మోసేవాళ్లలో రామాంజులు కనిపించాడు. బుగ్గలు పీక్కుపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు, రత్నమ్మ ముందు గుర్తుపట్టలేదు.

"చౌడమ్మ..." అని రత్నమ్మ మొదలుపెట్టింది.

"తెలుసు వదినా. విడపనకల్లు మనిషొకడు చెప్పినాడు."

"తెలిసీ రాలేదా?"

"వచ్చి ఏం జేయాల? అప్పటికే మట్టయిపోయిండాది. ఈడ పని పోగొట్టుకుంటే మళ్లీ దొరకదు."

రత్నమ్మకు కోపం రాలేదు. గంజి వరసలో తల్లిని చూసి వచ్చిన మనిషికి ఇతని మీద కోపం ఎక్కడి నుంచి వస్తుంది? "నీతోనన్నా మాట్లాడ్తాండెనా రామాంజులూ?"

అతను తట్ట దించి ఆలోచించాడు. "రేత్రిపూట ఏందో చెప్తాండె. గొంతులు మార్చి మార్చి. నేను కూలికి పోయొచ్చి అలిసిపోయిండేవాన్ని. వింటా వింటా నిద్రపోతాంటి."

"వాళ్లమ్మ చెప్పింది, చిన్నప్పుడు ఆ పిల్ల..."

"వద్దు వదినా." అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు చెప్పద్దు. చెప్తే నేను ఈ తట్ట ఎత్తలేను."

గట్టు మీద నుంచి మేస్త్రీ ఎవరినో తిడుతున్నాడు. రామాంజులు తట్ట నెత్తికెత్తుకుని పోయాడు. ఆ తర్వాత అతను రత్నమ్మను దూరం నుంచి చూసినా దారి మార్చుకునేవాడు. కొన్నాళ్లకు వేరే పనికి ఎటో పోయాడన్నారు. రంగన్న వాళ్లు కూడా కూలి ఎక్కువిస్తారని ఇంకొక చోటికి పోయారు.

సుంకమ్మ పోయిందని దసరా అయ్యాక ఎవరో చెప్పారు. ఆమెకు దినం పెట్టారో లేదో, పెడితే గుణం ఎవరు చెప్పారో రత్నమ్మ అడగలేదు. ఆ ఏడు కూడా వాన పడలేదు. రత్నమ్మ మళ్లీ చిన్నదొడ్డికి పోలేదు.