జత బోటు

యుద్ధానికి ముందు ఈనాక్ బ్లాంచర్డ్, అతని బావమరిది జేబెజ్ ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ రేవులో పక్కపక్కనే వల ఈడ్చే ట్రాలర్ బోట్లు కట్టేవారు. కాడ్ చేపల వేటలో ఇద్దరికీ ఎప్పుడూ పోటీయే. యుద్ధం వచ్చాక నౌకాదళం వాళ్ల బోట్లకు బూడిదరంగు పూసి, ముందువైపు పాత ఫిరంగి బిగించి, వలలకు బదులు ఉక్కుతాడు ఇచ్చింది. ఆ తాడును రెండు బోట్ల మధ్య నీళ్లలో ఈడ్చుకుంటూ పోవాలి. జర్మన్లు నీటి అడుగున గొలుసుతో కట్టి దాచిన మైన్లు, అంటే బాంబులు, దానికి తగిలి గొలుసు తెగి తేలితే, తుపాకీతో పేల్చాలి. ఒకరికి దెబ్బ తగిలినా రెండోవారు ఆగకూడదని ఉత్తర్వు. వెనకే గోధుమల ఓడలు వస్తుంటాయి.

ఆ ఉదయం జేబెజ్ తన బోటు మీంచి, గొంతు దూరం వినిపించే గొట్టంలోంచి అరిచాడు. "బావా! నీ బోటు నిండు చూలాలిలా నడుస్తోందేంటి?"

"నోర్మూసుకుని తాడు బిగువుగా ఉంచరా!"

అంతలో మైను పేలి జేబెజ్ బోటు నడిమికి విరిగి పైకి లేచింది. బురదనీళ్లు ఈనాక్ బోటు మీద కురిశాయి. మునిగే బోటు తాడుతో పాటు వీళ్లనీ లాగుతోంది.

"తాడు నరకండి!" అన్నాడు ఈనాక్.

నరికారు. నీళ్లలో నాలుగైదు తలలు కనిపించాయి. అందులో ఒకటి "బావా!" అని పిలిచింది.

"పడవ దించమంటావా?" అన్నాడు ఈనాక్ కింద పనిచేసే మేటు.

చుట్టూ ఇంకా మైన్లున్నాయి. తన బోటులో ఇంతమంది మగవాళ్లు, వాళ్ల ఇళ్లలో పిల్లలు. ఈనాక్ చుక్కాని వదల్లేదు. "వద్దు. ముందుకు పోనీ," అన్నాడు.

తిరిగొచ్చేసరికి అక్కడ చెక్కలు, పేలుడుకు చచ్చి తెల్లటి పొట్టలు పైకి తిప్పిన చేపలు తప్ప ఏమీ లేవు.

ఇంట్లో అతని భార్య హెస్టర్‌కు కబురు ముందే అందింది. "నా తమ్ముడు పిలిచాడా?" అంది.

"లేదు. క్షణంలో అయిపోయింది."

"అబద్ధమాడకయ్యా. మీ వెనకొచ్చిన బోటులో వంటవాడికి వినిపించిందట."

అతను తల దించుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆమె తిట్టలేదు. అతని ముందు పళ్లెం పెట్టి, శాలువా కప్పుకుని జేబెజ్ పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

కొన్నాళ్లకు ఈనాక్‌కు కొత్త జత బోటు ఇచ్చారు. దాని కెప్టెన్ ఫ్లీట్‌వుడ్ రేవు కుర్రాడు, నవ్వుముఖం. చెయ్యి చాచి, "మీ పేరేంటి పెద్దాయనా?" అన్నాడు.

ఈనాక్ చెప్పాడు. అతని పేరు మాత్రం అడగలేదు.