వాయించని పాట

పాతికేళ్లుగా ఆయన పని ఇతరుల పాటలకు దరువు వేయడం. బాంగోలు, డోలు, గజ్జెలు, చివరికి గింజలు పోసిన రేకు డబ్బా అయినా సరే, ఆయన చేతిలో పడితే పలకాల్సిందే. స్టూడియోలో అందరికీ ఆయన దరువు బాబాయే. ఇంట్లోనూ చేతులు ఊరుకునేవి కావు. భోజనాల బల్ల, ఫ్రిజ్ తలుపు అయ్యాక బావమరిది వీపు వంతు వచ్చేది.

ఆయనకు పాటలు రాసే పిచ్చి కూడా ఉంది. రాసినవాటిని బడిపంతులమ్మ అయిన భార్య ఎర్ర పెన్నుతో దిద్దేది. సంగీత దర్శకుడికి చూపిస్తే, "చూద్దాం బాబాయ్," అనేవాడు. ఆ చూడటం పదకొండేళ్లయినా తెమల్లేదు.

ఒకరోజు ఆయన స్టాండు మీద మరిచిపోయిన కాగితం గాయని కంటపడింది. 'వాన వెలిసినా చూరు ఇంకా పాడుతోంది' అని ఊరికే కూనిరాగం తీసింది. దర్శకుడు ఉలిక్కిపడ్డాడు.

"ఎవరు రాశారిది?"

బాబాయ్ బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"పదకొండేళ్ల నుంచీ చెప్తూనే ఉన్నానండీ."

రికార్డింగు రోజున బావమరిది చేత మూడు సంచుల వాయిద్యాలు మోయించుకుని వచ్చాడు. దర్శకుడు వాటిని చూసి తల గీరుకున్నాడు.

"దీనికి దరువు వద్దు బాబాయ్. పియానో, గొంతు, అంతే."

"నా పాటకి నేనే వద్దా?"

"రాసింది మీరేగా!"

"రాయడం వేరు, వాయించడం వేరండీ," అన్నాడు బాబాయ్. పెళ్లికొడుకుని పందిరి బయట నిలబెట్టినట్టయింది ఆయనకు.

మూలన కుర్చీలో కూర్చోబెట్టారు. పాట మొదలైంది. సౌండు ఇంజనీరు ఆపేశాడు.

"ఎక్కడో తలుపు కొట్టుకుంటోంది."

మళ్లీ మొదలైంది, మళ్లీ ఆపాడు.

"తలుపు కాదు. బాబాయ్ మోకాలు."

దాంతో ఆయన్ని అద్దం అవతలి గదిలోకి పంపించారు. ఇక్కడ గాయనికి రెండో చరణంలో లయ జారిపోతోంది. ఏడుసార్లు పాడింది, ఏడుసార్లూ జారింది. విసుగొచ్చి తలెత్తితే, అద్దం వెనక బాబాయ్ కళ్లు మూసుకుని గాలిలో వాయించేస్తున్నాడు.

"ఆయన్ని అక్కడే ఉంచండి. కదలనివ్వకండి!" అంది.

ఎనిమిదోసారి ఆ చేతుల మీంచి చూపు తిప్పకుండా పాడింది. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. బాబాయ్ చివర్లో ఒక ముక్తాయింపు కూడా వేసి, చొక్కా తడిసి ముద్దయి బయటికొచ్చాడు.

పాట విడుదలైన రోజు ఇంట్లో అందరూ కూర్చుని విన్నారు.

"బావా, ఇందులో నువ్వెక్కడున్నావు? ఏం వినబడట్లేదే!" అన్నాడు బావమరిది.

"ఉన్నాలే," అన్నాడాయన. అది గర్వమో బాధో ఆయనకే తేలలేదు.

పాట జనానికి నచ్చింది. దర్శకుడు ఫోన్ చేసి ఇంకోటి రాయమన్నాడు. "ఈసారీ మెత్తగా, దరువు లేకుండా!"

వారం రోజులు తలుపేసుకుని రాసి, కాగితం భార్య ముందు పెట్టాడు. ఆమె ఎర్ర పెన్ను తీసి, పైనుంచి కిందికి చూసి ఆగిపోయింది.

"ఇదేంటండీ, ప్రతి వరుసలో సగం గీతలే? ఖాళీలను పూరింపుమా?"

"అవును," అన్నాడు చేతులు రుద్దుకుంటూ. "పూరించేది నేనే."