అత్తగారి అరక్ జాడీ

తన్నూస్ ఇంట్లో చేసిన మొదటి బీరు ఊరగాయ నీళ్లలా ఉందని జహ్లే ఊళ్లో వాళ్ల వీధంతా నవ్వింది. టర్నిప్ ఊరగాయ వేసే ప్లాస్టిక్ డ్రమ్మును ఎంత తోమినా, లోపలి గీతల్లో దాగిన పులుపు వదల్లేదు. ఈసారి కూతురి నిశ్చితార్థానికి తన బీరే పోస్తానని వియ్యాలవారికి మాటిచ్చేశాడు. గాజుకైతే వాసన పట్టదు. అందుకని అత్తగారు వర్దే అరక్ సారా దాచుకునే పెద్ద గాజు జాడీ కోసం బతిమాలాడు.

"బీటపడిందో, నీ మొహం నాకు చూపించకు," అంటూనే ఇచ్చిందామె.

జాడీలో బీరు పులియబెట్టి, మూతిలో గొట్టం బిగించి, దాని కొస నీళ్ల గ్లాసులో ముంచాడు. వంటింట్లో బుడుంగు బుడుంగుమని చప్పుడు మొదలైంది. తన్నూస్‌కి అదే సంగీతం.

ఒకనాటి పొద్దున ఆ చప్పుడు ఆగిపోయింది. పరుగున వెళ్తే, గొట్టం పీకేసి, బిరడా బిగించి, గుడ్డ చుట్టి తాడుతో కట్టి, అత్తగారు తృప్తిగా కూర్చుని ఉంది.

"సారమంతా గాలికి పోతోంది అల్లుడూ. అరక్‌ని ఎవరైనా ఇలా వదిలేస్తారా?"

"ఇది అరక్ కాదత్తయ్యా, ఇంకా పులుస్తోంది! గాలి పోకపోతే జాడీ పగులుతుంది! ముందు మీరు బయటికి నడవండి!"

దుప్పటి కప్పి, మెల్లగా తాడు వదులు చేశాడు. బిరడా దుప్పటితో సహా ఢామ్మని పైకెగిరింది. నురగ అతన్నీ, గుమ్మంలోంచి తొంగిచూస్తున్న వర్దే నల్ల గౌనునీ తడిపేసింది.

ఆమె ముందు జాడీని చుట్టూ తడిమి చూసింది. తర్వాత పెదవి నాకింది. గొట్టం తనే తెచ్చి బిగించి, పక్కనే కుర్చీ వేసుకుంది.

"పాపం, ఊపిరాడక అరిచింది," అంది. "నువ్వెళ్లు. నీ పెంపకంలో ఇది బతకదు."