నిలబడ్డ మాట

దగ్గరికి జరగండి. గోడవారన ఉన్నవాళ్లూ రండమ్మా. దేవుడిచ్చిన నోటితో దేవుడు వినదగ్గదే చెబుతాను.

ఒక నిఘంటువు కార్యాలయంలో అక్కాచెల్లెళ్లు పనిచేసేవాళ్లు. మాటకో చీటీ రాసి సొరుగులో వేయడం పని. మాట పుట్టుక మాత్రం చిట్టచివర రాసేవాళ్లు. అది రాసిన చీటీ సొరుగులో పడగానే ఆ మాటకు తన చిన్నతనం గుర్తొచ్చేది మరి. గాలిపటంలో పటమంటే బట్ట అని రాసిన పూట, తాడు మీది తువ్వాళ్లన్నీ ఎగిరిపోయాయి. అందరూ కిటికీలు మూసుకుని పని చేసుకున్నారు.

ముప్పై ఏళ్లు చీటీలు రాసేసరికి అక్క చూపు పోయింది. "పుస్తకం వచ్చాక అట్ట మీద నా పేరు చేత్తో తడిమి చూసుకుంటానే" అనేది చెల్లెలితో. సంపాదకుడు రోజూ చెప్పేవాడు, "మీ పేరు ఖాయమమ్మా" అని. ఆ మాట ఆయన నోట రోజుకు పదిసార్లు వచ్చేది. పాపం, ఏమవుతాడో ఏమోనని అక్క 'ఖాయం' అన్న ఆ ఒక్క చీటీకి పుట్టుక రాయకుండా ఆపింది.

అక్క పోయింది. పుస్తకం వచ్చింది. అట్ట మీద సంపాదకుడి పేరొక్కటే. చెల్లెలు నిలదీస్తే, పోయినవాళ్లకు పేరెందుకని నవ్వాడు.

చెల్లెలికి అక్కంత జాలి లేదు. అక్క ఆపిన చీటీ తీసింది. 'ఖాయం: అరబ్బీ నుంచి వచ్చింది. మొదటి అర్థం, నిలబడి ఉన్నది' అని రాసి సొరుగులో వేసింది.

పక్క గదిలో సంపాదకుడు లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చోలేకపోయాడు. నిలబడే తిన్నాడు, బీరువాకు ఆనుకుని కునికాడు. ఎవరూ వింతపడలేదు. గుమస్తా ఆయన బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు, అంతే.

నాలుగో రోజుకు కాళ్లు బుసబుస పొంగాయి. వచ్చి చేతులు జోడించాడు.

"ఆ చీటీ తీసెయ్యమ్మా. మళ్లీ అచ్చు వేసినప్పుడు మీ అక్క పేరు ఖా..."

"మళ్లీ ఆ మాటే?" అంది చెల్లెలు.

అక్క పేరు ఉబ్బెత్తుగా అచ్చొత్తిన కాగితాల కట్టనూ జిగురునూ ఆయన ముందు పెట్టింది. అచ్చయిన వెయ్యి పుస్తకాలకూ అతికించాలి. ఒక్కోదాన్నీ కళ్లు మూసుకుని తడమాలి. వేళ్లకు పేరు అందితేనే పక్కన పెట్టాలి.

వారం పట్టింది. వెయ్యో పుస్తకం తడిమేసరికి ఇచ్చిన మాట నిలబడింది, బిగిసిన మోకాళ్లు వంగాయి. తూలుతూ పక్కనున్న కుర్చీ పట్టుకోబోయాడు.

"అది మా అక్కది," అని ఆమె కుర్చీ లాగేసుకుంది. "నేలుంది కదండీ."

ఆయన నేల మీదే చతికిలబడ్డాడు.

తప్పొప్పులు పైవాడు చూసుకుంటాడు. మీరు మాత్రం ఆ కుర్చీ లాగిన చేతిని మరిచిపోకండి. ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పండి.