తమ్ముడి పాస్‌వర్డ్

మెలెనైతె చేసిన తెలివితక్కువ పని ఒక్కటే. తమ్ముణ్ణి అడక్కుండా ల్యాప్‌టాప్ తుడిచేసింది.

తమ్ముడు కిటియోనె ఆపిల్ కాయలు కొయ్యడానికి ఆస్ట్రేలియా పోతూ దాన్ని ఇంట్లో వదిలి పోయాడు. నిండా ఆటలు, పాటలు, అడ్డమైన చెత్త. నొక్కితే అరగంటకు గానీ కదలదు. నాలుగు ఉత్తరాలు రాసుకోడానికీ అమ్మతో మాట్లాడుకోడానికీ పనికొస్తే చాలనుకుని, ఆమె పొద్దున్నే, ఊళ్ళో ఇంటర్నెట్ వచ్చే చర్చి హాల్లో కూర్చుని "అన్నీ తీసెయ్యి" అన్న చోట నొక్కింది. రెండు గంటల పాటు గిర్రున తిరిగి తిరిగి, చివరికి తెల్లటి తెర మీద ఒకటే ప్రశ్న వేసింది: పాత యజమాని పాస్‌వర్డ్ ఏమిటి?

అప్పటికి పదీ పది. పదకొండింటికి ఆక్లండ్ ఆసుపత్రిలో అమ్మని గుండె ఆపరేషన్‌కి తీసుకుపోతారు. ఆశ సగమేనని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. లోపలికి తీసుకెళ్ళే ముందు వీడియోలో కాసేపు మాట్లాడిస్తానని నర్సు మాటిచ్చింది. అమ్మకి బొత్తిగా చెవుడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసే మాట అర్థం చేసుకుంటుంది. మెలెనైతె దగ్గరున్న బటన్ల ఫోన్‌లో పెదాలెక్కడ కనిపిస్తాయి? మంచి ఫోన్లున్న వాళ్ళంతా చర్చి మహాసభకని పడవెక్కి నెయాఫు పట్నం వెళ్ళిపోయారు.

అమ్మ పేరు కొట్టింది. కాదంది. తమ్ముడు పుట్టిన రోజు కొట్టింది. కాదంది. ఇంకొక్కసారి తప్పితే రేపటిదాకా తెరవనని చెప్పేసింది, మాయదారి యంత్రం!

తమ్ముణ్ణి అడిగితే పోయేదానికి ఇంత ఏడుపెందుకంటే, అడగడానికి లేదు. టోంగాలో అక్కాతమ్ముళ్ళంటే అంత మర్యాద. వాడికి పన్నెండేళ్ళు రాగానే పడక వేరే గుడిసెలోకి మార్చారు. ఆనాటి నుంచీ ఇద్దరూ ఒక గదిలో కూర్చోలేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఈ రోజుల్లో చాలామంది పట్టించుకోరు గానీ వీళ్ళ నాన్న పాస్టరు. ఆయన పోయినా ఆ అలవాటు పోలేదు. ఇరవై రెండేళ్ళు.

అందుకని మేనత్త హేపిసీపాని పిలుచుకొచ్చింది. మేనత్త మాటంటే ఇంట్లో శిలాశాసనం. ఆవిడ రొప్పుకుంటూ వచ్చి, ఫోను చెవికి ఆనించుకుని కేకేసింది.

"ఒరేయ్ కిటియోనె! మీ అక్క కొంప మునిగింది. ఆ తాళం మాటేదో చెప్పు."

అవతల వాడు నసిగాడు. "అత్తా... అది నీకు చెప్పేది కాదు."

"ఏం? దొంగసొమ్ము దాచావా అందులో?"

"కాదత్తా. కుర్రాళ్ళమంతా కావా రసం తాగిన మత్తులో సరదాకి పెట్టిన మాట అది."

అత్తకి అర్థమై మొహం కందగడ్డయింది. "నీ బుద్ధి తగలెయ్య! ప్రపంచంలో ఇంకో మాటే దొరకలేదట్రా?"

"ఎవరైనా మొగాణ్ణి పిలవత్తా, చెప్తాను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

మిగిలిన మొగాళ్ళంతా దుంప తోటలకి పోయారు. ఉన్న ఒక్క ముసలి పెనిసిమాని చర్చి మెట్ల మీద కూర్చున్నాడు గానీ, పాపం, ఆయనకి చూపు లేదు, చర్చి గంట తాడు కూడా తడుముకుంటే గానీ దొరకదు.

"ఏ బూతైనా సరే చెప్పమనత్తా!" మెలెనైతె ఏడుస్తూ అరిచింది. "అమ్మని తీసుకుపోతారు!"

"నా చెవిలో ఎలా చెప్తాడే? మేనత్తని! వాడు నా ముందు కాళ్ళు చాపుకుని కూడా కూర్చోలేదు ఈనాటికీ."

పదీ నలభై ఎనిమిది. మెలెనైతె అత్త చేతిలోంచి ఫోను లాక్కుంది. అత్త "ఏయ్!" అంది గానీ ఆపలేదు.

"కిటియోనె. నేను, అక్కని."

ఊపిరి వినిపిస్తోంది.

"అమ్మ చచ్చిపోతుందేమోరా. ఒక్కో అక్షరం చెప్పు. నేను మాటగా కలుపుకోను, ఒట్టు."

మొదటి అక్షరం చెప్పాడు. గొంతు బొంగురుగా, అచ్చం నాన్న గొంతులా ఉంది. ఆమెతో మాట్లాడిన గొంతు పన్నెండేళ్ళ పిల్లాడిది. రెండోది. మూడోది. నాలుగో అక్షరానికే ఆమెకి మాట తెలిసిపోయింది. ఆ మాట ఇక్కడ రాయదగ్గది కాదు. చెవులు కాలిపోతుంటే వేళ్ళు మాత్రం కొడుతూనే ఉన్నాయి. ఏడో అక్షరం దగ్గర వాడు ఏడ్చేశాడు.

"క్షమించక్కా, నన్ను క్షమించు..."

"తర్వాత ఏడుద్దువు గానీ, ఇంకా ఎన్ని?"

"రెండు."

తొమ్మిదో అక్షరంతో తెర తెరుచుకుంది. ఏ భాష కావాలి, ఏ దేశం, వాతావరణం చూపించమంటారా అని ఒకటే అడగడం. వద్దు, వద్దు, వద్దు అని నొక్కుకుంటూ పోయి, నర్సు రాయించిన అంకెలు కొట్టేసరికి పదీ యాభై ఏడు.

అమ్మ కనిపించింది. నెత్తికి నీలం టోపీ, మొహంలో రక్తం చుక్క లేదు. మంచం అప్పటికే కదులుతోంది, నర్సు పక్కనే నడుస్తూ తెర పట్టుకుంది.

"అమ్మా, భయపడకు," అంది మెలెనైతె, పెదాలు పెద్దగా కదుపుతూ.

చెవి దగ్గర ఫోనులో తమ్ముడి గొంతు. "అక్కా, నా మాట కూడా చెప్పవా?"

"చెప్పు."

వాడు చెప్పింది చెప్పినట్టే ఆమె నోరు పలికింది. "అమ్మా, నేను కిటియోనెని. నువ్వు పొమ్మన్నావని వచ్చాను గానీ నాకిక్కడ ఏం బాగాలేదమ్మా. నువ్వు లేచాక ఇంటికొచ్చేస్తాను. నువ్వు లేవాలి."

అమ్మ ఆ పెదాలనే చూసింది. ఆ మాటలు కూతురివి కావని తెలిసింది. చెవిటివాళ్ళ గొంతుతో, కాస్త గట్టిగానే అంది: "వాడితో మాట్లాడుతున్నావా? నువ్వే?"

మెలెనైతె తలూపింది.

"మీరిద్దరూ మాట్లాడుకోడానికి నేను చావాల్సొచ్చిందే?" నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. తలుపులు తెరుచుకున్నాయి. నర్సు తెర పక్కకి తిప్పింది, గోడ కనిపించి ఆరిపోయింది.

అమ్మ మాట ఫోనులో వాడికీ వినిపించింది. ఇక మాట్లాడుకోవలసిన పని లేదు. అత్త చెయ్యి చాపింది, ఫోను ఇమ్మన్నట్టు. మెలెనైతె ఇవ్వలేదు. అవతల వాడూ పెట్టెయ్యలేదు. మధ్యాహ్నం రెండింటికి నర్సు మళ్ళీ తెర మీదకొచ్చి కబురు చెప్పేదాకా ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ అలాగే కూర్చున్నారు.