గంటకు పూలదండ, నాకు గేదె

నేను ఒక తాడును. గోగునారతో పేనిన పన్నెండు గజాల తాడును. పల్నాడులో ఒక పాత చర్చి గోపురంలో కంచు గంటకు వేలాడేదాన్ని. చర్చి అని మీరంటారు, మా ఊరి క్యాథలిక్కులు గుడి అనే అంటారు.

ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి శౌరయ్య నన్ను పేనాడు. నారను కాలువలో నానబెట్టి, అరచేతులు బొబ్బలెక్కేదాకా మెలివేశాడు. ఆ బొబ్బల సంగతి ఎవరికి కావాలి? చూడవచ్చినవాళ్లంతా గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి రాగానే తల పైకెత్తేవాళ్లు.

"ఎన్ని వందల ఏళ్లదో! ఓడలో వచ్చిందంట!"

ఫొటోలన్నీ గంటకే. నేను అడ్డొస్తే పక్కకు నెట్టేవాళ్లు. మోగేది అది, మోగించేది నేను. అది పోతే బాగుండునని రోజూ కోరుకునేదాన్ని.

ఒక మంగళవారం మధ్యాహ్నం నా కోరిక కారు దిగింది.

మగమనిషి భుజాన కెమెరా సంచీ, ఆడమనిషి చేతిలో నోటుపుస్తకం. పాత గుళ్ల మీద పరిశోధనట.

"పెద్దాయనా, పాత జ్ఞానస్నానాల రిజిస్టరు చూపిస్తారా?" అని ఆమె తీయగా అడిగింది. శౌరయ్య మురిసిపోయి ఊరి ఆ చివరనున్న ఫాదర్‌గారి బంగళాకు నడిచాడు. ఊరంతా మిరపకోతలకు పోయి ఉంది.

కెమెరా సంచీలోంచి పానా బయటికొచ్చింది. అతను గోపురం ఎక్కాడు. గంట ఊగకుండా ఆమె కింద నన్ను పట్టుకుంది. ఇంత ఆనందం నేనెన్నడూ ఎరగను. ఇంకో పావుగంట ఓపిక పడితే పీడ విరగడ!

మొదటి బోల్టు ఊడింది. గంట ఒరిగింది. ఆమె హడలిపోయి నన్ను లాగింది. నన్ను లాగితే గంటను లాగడం తప్ప నాకింకేం చేతకాదు.

ఠంగ్!

"మోగిందే!" అందామె.

"గుళ్లో గంట మోగితే ఎవడికే అనుమానం? గట్టిగా పట్టుకో."

రెండో బోల్టు. ఠంగ్! కాసేపాగి మూడోది. ఠంగ్!

పూజకైతే మా గంట గబగబా మోగుతుంది. ఇలా ఆగి ఆగి ఒక్కో దెబ్బ పడిందంటే మనిషి పోయినట్టు. చేతిలో పని వదిలేసి ఊరంతా గుడికి పరిగెత్తాల్సిందే.

పరిగెత్తుకొచ్చారు.

"ఎవురు పోయింది?"

"ఇంకెవురు, ఇన్నమ్మే. నెల్రోజుల్నుంచి మంచానుందిగా!"

ఇన్నమ్మ అల్లుడు ఏడుపందుకున్నాడు. వెనకే కర్ర పోటేసుకుంటూ ఇన్నమ్మ వచ్చింది.

"ఏడవమాక అల్లుడా, నేనీడనే ఉండా. పోయిందెవురో కనుక్కో ముందు!"

అందరి కళ్లూ పైకి లేచాయి. ఒక్క బోల్టు మీద గంట, పక్కన పానాతో మనిషి. ఆడమనిషి పారిపోబోతే మిరపకాయలు కోసిన చేతులు పట్టుకున్నాయి, మంటకు కెవ్వుమంది. అతను మెట్లు వదిలి నన్ను పట్టుకుని జారాడు. నా రెండు పురులు పుటుక్కున తెగాయి. వాడు సరిగ్గా ఇన్నమ్మ కర్ర ముందు పడ్డాడు.

శౌరయ్య రిజిస్టరుతో తిరిగొచ్చి, గంటను చూసి చేతులు జోడించాడు. "మన గంటే దొంగల్ని పట్టిచ్చిందయ్యా!"

గంటకు బంతిపూల దండ వేశారు. నన్ను విప్పేసి నైలాను తాడు కట్టారు.

ఇప్పుడు నేను శౌరయ్య గేదెకు పలుపును. గంట మోగినప్పుడల్లా ఆ నైలానుదాన్ని తలుచుకుని నా నారలు మండుతాయి. మొన్న గుడి చూడవచ్చిన దంపతులు కొట్టం ముందు ఆగారు. కెమెరా నావైపే తిరిగింది. నా పన్నెండేళ్ల బతుకులో మొదటిసారి! తెగిన పురులు కనబడకుండా బిగుసుకుపోయి నిలబడ్డాను.

"ఏవండీ, దగ్గరగా తీయండి," అందామె. "ఎంత ముద్దుగా ఉందో ఆ గేదె మెడలో గంట!"